వరదలో గేదెలున్న ఇళ్ళకి ఏం ఇస్తే నిజంగా పనికొస్తుంది? (లంకలు, సింగ్ నగర్ వైపు)

బ్రాడీపేట కుర్రోడు
12 సెప్టెంబర్ 2024

అందరికీ నమస్కారం అండి. కొంచెం పెద్ద పోస్టే, కానీ తెలిసినవాళ్ళు ఓపిగ్గా చదివి చెప్పండి, ఎందుకంటే డబ్బులు నావి కాదు, నమ్మి ఇచ్చినోళ్ళవి.

మాది గుంటూరు. మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్ళం, మా అపార్టుమెంట్ వాళ్ళు కలిసి వరద కోసం 2,40,000 పోగుచేశాం. చవితి మర్నాడు ఆదివారం రెండు వ్యాన్లలో పులిహోర ప్యాకెట్లు, వాటర్ బాటిళ్ళు, దుప్పట్లు వేసుకుని కొల్లిపర కింద కరకట్ట మీదకి వెళ్ళాం. ఈ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు కదా, బ్యారేజీ కట్టాక ఎప్పుడూ అంత రాలేదంట, ఆ నీళ్ళు లంకల మీదకి వచ్చేసరికి జనం అంతా గొడ్డూ గోదా తోలుకుని కట్ట ఎక్కేశారు. మేం వెళ్ళేసరికి నీళ్ళు తీశాయి గానీ చాలామంది ఇంకా కట్ట మీదే ఉన్నారు, ఇంట్లో మోకాలి లోతు బురద, పాకలు పడిపోయి ఉన్నాయి.

ప్యాకెట్లు ఇస్తుంటే ఒకావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, తీసుకోలా. "బాబూ, మాకు అన్నం ఎవురో ఒకళ్ళు పెడతన్నారు, పొద్దుట్నించి మీరు నాలుగో బండి. గొడ్డుకి గడ్డేమన్నా తెచ్చారా?" అంది. ఆవిడ వెనకాల రెండు గేదెలు, ఒక దూడ. గేదె డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి, కట్ట మీద ఉన్న తుమ్మ కొమ్మలు కూడా వలిచేసి తినేశాయి. నాకు ఏం చెప్పాలో తెలీలా. తర్వాత చూస్తే మనుషులు తినగా మిగిలిన ప్యాకెట్లు కొంతమంది ఆ గేదెలకే పెడుతున్నారు. అది మంచిదో కాదో కూడా నాకు తెలీదు.

మొదటి ట్రిప్పుకి మా చేతి డబ్బులే పెట్టాం, కాబట్టి ఆ 2,40,000 అంతా అలాగే ఉంది. ఇది మొత్తం పశువులున్న ఇళ్ళకే పెడదాం అని అందరం ఒప్పుకున్నాం. కానీ ఏం కొనాలి? గడ్డా, దాణానా, మందులా, లేకపోతే డబ్బే చేతికి ఇచ్చేయాలా? మా ఫ్రెండ్ ఒకడు గేదెలు చచ్చిపోయిన వాళ్ళకి నాలుగు కొత్త గేదెలు కొనిద్దాం, ఫోటో కూడా బాగుంటుంది అంటున్నాడు. నాకు పశువుల గురించి బొత్తిగా తెలీదు, మా తాతగారి తరంతోనే పోయింది మా ఇంట్లో పాడి. దయచేసి చెప్పండి.

---

లంక రైతు
12 సెప్టెంబర్, రాత్రి

తమ్ముడూ ముందు నీకు దణ్ణం, ఆ మాట విని పట్టించుకున్నావు. మాది కొల్లిపర మండలంలో లంక ఊరే, మొన్న నేనూ కట్ట మీదే ఉన్నా, మూడు గేదెలు ఒక పడ్డ.

అర్థం కావాలంటే మా సంగతి కొంచెం చెప్పాలి. లంకల్లో అరటి, పసుపు, కంద, కూరగాయలు వేస్తాం, అవి ఏడాదికోసారో ఆర్నెల్లకోసారో డబ్బులు. రోజూ ఇంట్లోకి రూపాయి వచ్చేది పాల మీదే. పొద్దున సాయంత్రం కేంద్రంలో పాలు పోస్తే పది రోజులకోసారి బిల్లు, ఆ బిల్లుతోనే సరుకులు, పిల్లల ఫీజులు, చీటీ. సొంత పొలం లేనోళ్ళకి, కౌలుకి చేసేవాళ్ళకి అయితే గేదె ఒక్కటే ఆస్తి. పంట పోయినా గేదె ఉంటే ఇల్లు నిలబడుద్ది. గేదె పోతే ఇంక అప్పే.

ఇప్పుడు ఏం జరిగిందంటే గేదెలు చాలావరకు బతికినయ్యి. మాకు 2009 అక్టోబర్ వరద గుర్తుంది, అప్పుడూ 11 లక్షల పైనే వచ్చింది, అందుకే ఈసారి మైకులో చెప్పగానే పలుపులు విప్పి తోలుకొచ్చేశాం. కట్టుకొయ్యకి కట్టేసి పోయినోళ్ళవే మునిగినయ్యి. కానీ గడ్డివాములు ఎక్కడికి తోలతాం? వాము కింద మూడు అడుగులు నీళ్ళలో నాని కుళ్ళిపోయింది, పైన ఉన్నది వానకి తడిసి బూజు పట్టింది. ఏడాదికి దాచిన గడ్డి అది. గట్ల మీద పచ్చిగడ్డి అంతా ఒండ్రు కప్పేసింది.

మళ్ళీ కొత్త వరిగడ్డి వచ్చేది ఎప్పుడు? డెల్టాలో కోతలు నవంబర్ ఆఖరు, డిసెంబర్. అంటే ఇంకా రెండున్నర నెలలు పైమాటే. పులిహోర బండ్లు ఇంకో వారం వస్తాయి, తర్వాత ఎవరూ రారు, నేనేం తప్పు పట్టట్లా, లోకం అంతే ఎవరి పనులు వాళ్ళకుంటాయి. కానీ అసలు కష్టం అప్పుడు మొదలవుద్ది. 2009లో నేను నెల రోజులు లాగాను, దీపావళి పోయింది, తర్వాత గడ్డి కొనలేక రెండు చూడి గేదెల్ని బేరగాడికి ఇచ్చేశా. సగం రేటు. ఊళ్ళో ఆ వారం పదిహేను గేదెలు లారీ ఎక్కినయ్యి. ఆ రెండు గేదెలు మళ్ళీ కొనుక్కోడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. వరద నా గేదెల్ని తీసుకుపోలా, గడ్డి లేకపోవటం తీసుకుపోయింది.

కాబట్టి నా మాట వింటే డబ్బంతా గడ్డికి పెట్టు, అదీ ఒక్కసారి తెచ్చి పడేయకుండా డిసెంబర్ దాకా మూడు నాలుగు సార్లుగా తోలించు. లెక్క నేనే వేశా. కట్టిన గేదె ప్రాణం నిలవాలంటే రోజుకి కనీసం 6 కిలోల ఎండుగడ్డి. 60 గేదెలకి 80 రోజులకి 28,800 కిలోలు. నరసరావుపేట అవతల మా వియ్యంకుల వైపు వరద లేదు, బేలరు (మిషను) కట్టిన గడ్డి కట్టలు మా ఊరికి దింపి కిలో 8 రూపాయలకి ఇస్తానన్నాడు ఒకాయన. 2,30,400 అవుద్ది. అంటే నీ డబ్బుతో అరవై గేదెలు కొత్త గడ్డి వచ్చేదాకా బతుకుతాయి. కొత్తవి కొంటే ఈ డబ్బుకి మహా అయితే రెండు మూడు మంచి గేదెలు వస్తాయి, వచ్చినా వాటికి మేత ఎక్కడిది?

ఆరు వందల గేదెలున్న ఊళ్ళో అరవైకి ఎట్టా పంచాలి అంటావేమో, అది ఊళ్ళో ఆడోళ్ళని అడుగు. ఎవరింట్లో పాలబిల్లు తప్ప వేరే రాబడి లేదో డ్వాక్రా వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు. నాలాంటోడికి వద్దు, నాకు కాస్త పొలం ఉంది.

---

పశువుల డాక్టరు (రిటైర్డు)
13 సెప్టెంబర్

లంక రైతు గారు చెప్పింది అక్షరాలా నిజం అండి. నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదివి ముప్పై ఏళ్ళు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చేశాను. కొన్ని జాగ్రత్తలు మాత్రం రాస్తాను.

బాబూ, మొట్టమొదట ఆ పులిహోర, అన్నం గేదెలకి పెట్టడం ఆపించండి. ప్రతి వరదలోనూ ఇదే చూశాను. పస్తున్న గేదెకి ఒకేసారి నాలుగైదు కిలోల అన్నం పెడితే పొట్టలో పులిసి యాసిడ్ తయారవుతుంది, మేత మానేస్తుంది, కడుపు బిగుస్తుంది, పారుతుంది, రెండ్రోజుల్లో పడిపోతుంది. వరదని తప్పించుకున్న గేదె మనం ప్రేమగా పెట్టిన అన్నంతో చనిపోతుంది. ఎవరైనా ఇప్పటికే ఎక్కువ పెట్టి గేదె నెమరు వేయడం ఆపేస్తే ఆగకుండా 1962కి ఫోన్ చేయమనండి, సంచార పశువైద్య అంబులెన్సు నంబరు అది, పైసా ఖర్చు లేదు.

రెండోది, తడిసిన వాము. బూజు పట్టిన గడ్డి నల్లగా, ముక్కిన వాసన వస్తుంటే పనికిరాదు, ఎండబెట్టినా లోపల విషం పోదు, అలాంటిది తిని తోక చివర, చెవుల చివర, గిట్టల పైన కుళ్ళి ఊడిపోయిన గేదెల్ని చూశాను. పాపం గడ్డి లేక అదే పెడుతుంటారు, వద్దని చెప్పడం తేలిక, బదులు ఏదో ఒకటి ఇచ్చాకే వద్దని చెప్పాలి. అందుకే మొదటి లారీ ఎంత తొందరగా వెళితే అంత మంచిది. జొన్న పొలాలు నీళ్ళు తీశాక లేత పిలకలు వేస్తే అటు కూడా తోలొద్దనండి, నాము (లేత జొన్నలో ఉండే విషం) తగులుతుంది.

మూడోది జబ్బులు. వరద తర్వాత మాకు ఎక్కువ భయం గురకవ్యాధి, కొందరు గొంతువాపు అంటారు. ఒక్కసారిగా జ్వరం, గొంతు కింద వాపు, గుర్రుగుర్రుమని ఊపిరి, కొన్నిసార్లు తెల్లారేసరికే చనిపోతుంది. తొలకరికి ముందు టీకా వేయించిన గేదెలకి అంత భయం లేదు. వేయించని వాటి జాబితా రాసి ఊళ్ళో రైతు కేంద్రంలో ఉండే పశుసంవర్ధక అసిస్టెంటుకి ఇవ్వండి, వాళ్ళు వచ్చి వేస్తారు. మీరు సొంతంగా మందుల షాపులో ఇంజక్షన్లు కొని పంచకండి, ఏ గేదెకి ఏది పడుతుందో చూడకుండా ఇస్తే నష్టం. రోజులకొద్దీ బురదలో నిలబడ్డ వాటికి గిట్టల సందు చెడుతుంది, పర్మాంగనేటు నీళ్ళతో కడిగి పొడి నేల మీద కట్టేస్తే చాలావరకు మానుతుంది. పాలిచ్చేవి బురదలో పడుకుంటే పొదుగువాపు వస్తుంది, అది వచ్చిన వెంటనే వైద్యం చేయించకపోతే ఆ చన్ను పాడవచ్చు. కాబట్టి నాలుగు ట్రక్కుల గ్రావెల్ కూడా మందు కిందే లెక్క. గొర్రెలు మేకలు ఉన్నవాళ్ళకి చిటుకరోగం, పారుడురోగం టీకాల సంగతి అడగండి. కార్జపు జలగల (లివర్ ఫ్లూక్ అనే పురుగుల) వల్ల కార్జం చెడే జబ్బు మాత్రం ఇప్పుడు కాదు, కొన్ని వారాలు పోయాక బయటపడుతుంది, డాక్టరుని అడిగి అప్పుడు మందు తాగించాలి.

నీళ్ళు కూడా మర్చిపోవద్దు, గేదెకి రోజుకి 40–50 లీటర్లు కావాలి, పాలిచ్చేదానికి ఇంకా ఎక్కువ. చుట్టూ నీళ్ళే ఉన్నా తాగే నీళ్ళు ఉండవు వాటికి కూడా.

ఇక చనిపోయిన పశువుల సంగతి. చాలామంది కంగారులో కాలువలోకి తోసేస్తున్నారు, అలా చేస్తే నీళ్ళూ చెడతాయి, పరిహారమూ పోతుంది. కేంద్ర విపత్తు సాయం నిబంధనల ప్రకారం (2022–26 కాలానికి ఉన్నవి) పాడి గేదెకి, ఆవుకి 37,500, ఎద్దుకి 32,000, దూడకి 20,000, గొర్రెకి మేకకి 4,000 ఇస్తారు, ఒక కుటుంబానికి పాడివి పెద్దవి అయితే మూడు, చిన్నవి అయితే ముప్పై వరకు. చెవి పోగు మీద 12 అంకెలు ఉంటాయి, అవి కనపడేలా ఫోటో, పక్కన మనిషి నిలబడి ఇంకో ఫోటో తీసి, పశువుల డాక్టరు చూసి రాసుకున్నాకే లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. మీ బ్యాచ్ కుర్రాళ్ళు నలుగురు ఫోన్లు పట్టుకుని ఊరూరా ఈ కాగితాల పని చేసిపెట్టినా అది లక్ష రూపాయలు ఇచ్చినంత సాయం.

---

సింగ్ నగర్ పాలమ్మ
13 సెప్టెంబర్

అన్నయ్యా మా అబ్బాయి చేత టైపు చేయిస్తన్నా. మాది బెజవాడ సింగ్ నగర్ దాటినాక. బుడమేరు కట్ట తెగి నీళ్ళు వచ్చినప్పుడు మాకు మైకు గీకు ఏం చెప్పలా, తెల్లారేసరికి మంచం కిందకి వచ్చినయ్యి. నాలుగు గేదెలు, మూడిటి పలుపులు మా ఆయన కోసేశాడు, అవి ఈదుకుంటా మెరక మీదకి పోయినయ్యి, నాలుగోది దొడ్లో మూలన ఉంది, అందలా. అది మూడో ఈత గేదె, పూటకి ఐదు లీటర్లు ఇచ్చేది, పేరు గౌరి. దాని గురించి ఇంక రాయలేను.

లంకలోళ్ళకి గడ్డి కావాలన్నారు, నిజమే. మాకు వేరేగా ఉంది. మేం గడ్డి ఎప్పుడూ కొనుక్కునే పెడతాం, మాకు వాము లేదు పొలం లేదు. మేం కేంద్రంలో పొయ్యం, ఇంటింటికీ వెళ్ళి వాడిక పాలు పోస్తాం. ఇప్పుడు వాడిక ఇళ్ళన్నీ మునిగినయ్యి, జనం చుట్టాలిళ్ళకి పోయారు, ఎవురికి పొయ్యాలి? పది రోజుల్నించి గేదె పాలు పిండి దూడకి వదిలేస్తన్నా, చుట్టుపక్కలోళ్ళకి టీకి ఊరికే ఇస్తన్నా. మేత కూడా చాలక పాలు సగానికి పడినయ్యి. తవుడు కొట్టోడికి పాత బాకీ ఉంది, కొత్తగా అప్పు ఇవ్వనంటన్నాడు. మాకు డబ్బు రూపంలో ఇస్తే బాకీ కొంచెం కట్టి మళ్ళీ దాణా తెచ్చుకుంటా, రేకు వేసుకుంటా. గడ్డి లారీ తెచ్చినా నాకు పెట్టుకోను చోటు లేదు.

ఇంకోటి, మా పక్కింటామె గేదె తనది కాదు, ఎవురిదో తెచ్చి పెంచతంది, ఈనినాక అమ్మితే సగం. ఆ గేదె పోయింది. పరిహారం రాస్తే ఓనరు పేరు మీదే రాశారు. రెండేళ్ళు మేపిన ఆమెకి ఏం లేదు. అట్టాంటోళ్ళని కూడా అడగండి.

---

బ్రాడీపేట కుర్రోడు
13 సెప్టెంబర్, రాత్రి

అక్కా మీరు రాసింది చదివి కాసేపు ఏం రాయలేకపోయాను. మీ నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు మెసేజ్ పంపండి చాలు, రేపు నేనూ ఇంకో ఇద్దరం వస్తాం.

డాక్టరు గారూ, అన్నం సంగతి ఇప్పుడే మా గ్రూపులన్నిట్లో పెట్టాను. ఒక్క డౌటు, గడ్డి లారీ, డబ్బు రెండూ అడుగుతున్నారు, మరి ఎక్కడ ఏది ఇవ్వాలో మేం ఎలా తేల్చాలి? ఒక ఊరికి ఇచ్చి ఇంకో ఊరికి ఇవ్వకపోతే గొడవ కదా.

---

సహాయక పనుల్లో తిరిగినవాణ్ణి
14 సెప్టెంబర్

బ్రదర్ మీ ప్రశ్నకి ప్రపంచం మొత్తం తల బద్దలు కొట్టుకుంది, కాబట్టి కంగారు పడకండి. విపత్తుల్లో పశువులున్న కుటుంబాలకి ఎలా సాయం చేయాలో అని లెగ్స్ అనే మార్గదర్శకాల పుస్తకం ఉంది, 2009లో మొదటిసారి వచ్చింది, 2023లో మూడో ఎడిషన్. నేను పనిచేసిన చోట్లల్లా అది బ్యాగులో ఉండేది. అందులో నాకు బాగా పట్టుకున్న సంగతి ఏంటంటే, గేదెకి ఏం కావాలి అని మొదలుపెట్టరు, ఆ ఇల్లు దేని మీద బతుకుతోంది, ఇప్పుడు అది ఎక్కడ తెగింది అని మొదలుపెడతారు. లంకలో తెగింది మేత. సింగ్ నగర్ అక్కకి తెగింది పాలు కొనేవాళ్ళు. అందుకే ఒకచోట గడ్డి, ఒకచోట డబ్బు, రెండూ కరెక్టే.

బజార్లో సరుకు దొరుకుతుంటే డబ్బు ఇవ్వండి, దొరక్కపోతే సరుకు ఇవ్వండి. లంక ఊళ్ళో అందరి చేతిలో డబ్బు పెడితే అందరూ ఒకే రోజు గడ్డి కోసం పరిగెత్తి రేటు రెట్టింపు చేసుకుంటారు, ఉన్న వ్యాపారి ఒక్కడే బాగుపడతాడు. విజయవాడలో తవుడు, చెక్క కొట్లు తెరిచే ఉన్నాయి, అక్కడ సరుకు మోసుకెళ్ళడం దండగ.

కొత్త గేదెలు కొనివ్వడం ఇప్పుడు వద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. ఊరు కుదుటపడి, కొత్త గడ్డి చేతికొచ్చి, పాకలు లేచాక అప్పుడు ఆలోచించాలి. మేత లేని ఊళ్ళోకి ఇంకో నోరు తీసుకెళితే, దాంతోపాటు కొత్త జబ్బు కూడా తీసుకెళ్ళొచ్చు, ఆ కుటుంబం రెండు నెలల్లో అదే బేరగాడికి అమ్ముకుంటుంది.

బేరగాళ్ళ సంగతి లంక రైతు గారు రాశారు కదా, దానికి ఒక ఉదాహరణ. 2006లో ఇథియోపియా దక్షిణాన మోయలే వైపు పెద్ద కరువు, పశువులు చిక్కి చస్తున్నాయి, కొనే దిక్కు లేదు. అప్పుడు సాయం చేసేవాళ్ళు ఊరికే తిండి పంచకుండా, పట్నంలో ఉన్న పశువుల వ్యాపారుల్ని ఆ పల్లెలకి తీసుకొచ్చి పరిచయం చేశారు, ఆ వ్యాపారులు దాదాపు 20 వేల పశువుల్ని చచ్చిపోకముందే కొన్నారు. ఆ డబ్బుతో పల్లెజనం తిండి కొనుక్కున్నారు, మిగతా పశువులకి మేత, మందులు కొన్నారు. అది కరువు, మనది వరద, పోలిక మొత్తం కుదరదు, మన గేదెల్ని అమ్మించాల్సిన పని లేదు. కానీ ఒకటి చేయొచ్చు. ఎవరైనా నిజంగా అమ్ముకోవాల్సి వస్తే రాత్రికి రాత్రి ఒక్క బేరగాడికి కాకుండా నాలుగు చోట్ల రేటు కనుక్కుని చెప్పే మనిషి ఒకడుంటే చాలు, సగానికి పోయేది ముప్పావుకైనా పోతుంది. మీ బ్యాచ్‌లో ఎవరైనా ఆ పని తీసుకోండి.

పంపకంలో గొడవ రాకూడదంటే లెక్క దాచకండి. ఎంత వచ్చింది, ఎవరికి ఎన్ని కట్టలు, పెద్ద చార్టు మీద రాసి రామాలయం గోడకి అంటించండి. నేను చూసినంతలో తక్కువ ఇచ్చినందుకు జనం కోప్పడలేదు, తెలియకుండా ఇచ్చినందుకు కోప్పడ్డారు.

---

లంక రైతు
14 సెప్టెంబర్

ఈ సారు చెప్పింది బాగుంది. ఒకటి కలుపుతా, డిసెంబర్‌లో వరి కోసిన చేలల్లో తేమ మీద జనుము, పిల్లిపెసర చల్లుకుంటే జనవరి ఫిబ్రవరికి పచ్చిమేత వచ్చుద్ది. కోతకి ముందే విత్తనం చేతిలో ఉండాలి. గడ్డి డబ్బుల్లో ఓ పది వేలు మిగిలితే విత్తనాలకి ఉంచు తమ్ముడూ. పొలం లేనోళ్ళు కోసుకోను నా ఎకరం ఇస్తా.

---

బ్రాడీపేట కుర్రోడు
19 సెప్టెంబర్

అప్‌డేట్ అండి. మొదటి లారీ మంగళవారం దిగింది, 7 టన్నులు. ఊళ్ళో డ్వాక్రా అక్కలు రాసిచ్చిన లిస్టు ప్రకారం 46 గేదెలు, 23 ఇళ్ళు, అందులో పొలం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. 60 అనుకున్నాం గానీ మిగతా డబ్బు సింగ్ నగర్ వైపు ఆరు కుటుంబాలకి చేతికిచ్చాం, తలా 8,000. పరాయి గేదెని పెంచినామె కూడా అందులో ఉంది. లెక్క చార్టు గోడ మీద ఉంది, ఫోటో కింద పెట్టాను, పేర్లు మాత్రం కనపడకుండా చేశాను.

కట్ట మీద అన్నం ప్యాకెట్టు వద్దన్న ఆవిడ కూడా లిస్టులో ఉన్నారు. కట్టలు దింపుతుంటే మేం ఎవరమో గుర్తుపట్టలేదు గానీ గడ్డి చేతిలోకి తీసుకుని వాసన చూసి, ఎండుగా ఉంది, బాగుంది అన్నారు.

రెండో లారీ అక్టోబర్ మొదటి వారంలో. ఇప్పుడు సమస్య ఏంటంటే రోజూ సాయంత్రం వాన పడుతోంది, కట్టలు కిందా మీదా కప్పడానికి ఏం లేదు. గుంటూరు, తెనాలి, విజయవాడలో ఎవరి దగ్గరైనా పాత బరకాలు గానీ, ఎలక్షన్లప్పటి పెద్ద ఫ్లెక్సీలు గానీ పడి ఉంటే చెప్పండి, బండి మేమే తెచ్చుకుంటాం. కింద వేయడానికి పాత చెక్క ప్యాలెట్లు ఉన్నా పర్లేదు.